రాగి పలక మీద కుంకుమ బొట్టు

కరోనా గడిచి ఫ్యాక్టరీలు మళ్లీ నిండు షిఫ్టులతో నడవడం మొదలైన రెండు మూడేళ్లకు, నా పదవీ విరమణకు ముందటి వేసవిలో, నన్ను హైదరాబాదులోని ప్రధాన కార్యాలయం నుంచి పటాన్‌చెరు యూనిట్‌కు డిప్యుటేషన్ మీద పంపారు. అది మార్చి నెల. నా హోదా మేనేజర్, మేధోసంపత్తి విభాగం. ఉత్తర్వులో పని ఒక్క వాక్యంలో రాసి ఉంది: ‘యూనిట్‌లో జరిగిన సాంకేతిక సమాచార చౌర్యంపై విచారణ జరిపి, బాధ్యులను గుర్తించి, కోర్టుకు సమర్పించవలసిన అఫిడవిట్‌పై సంతకం చేయుట.’ ఇలాంటి ఉత్తర్వులు నేను చాలా చూశాను. మామూలుగా వాటిలో ‘జరిగినట్లు ఆరోపించబడిన’ అన్న మాట ఉంటుంది. ఇందులో లేదు. చౌర్యం జరిగిపోయిందని పైనే తేల్చేశారు, నేను వెళ్లి ఖాళీలో ఒక పేరు పూరించాలి. అందుకే ఆ కాగితం చేతికి వచ్చిన రోజునే నాకు నచ్చలేదు.

మా ఉద్యోగం గురించి తెలియనివారికి కొంచెం చెప్పాలి. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. కొన్నాళ్లు డిజైన్‌లో పనిచేసి, తరువాత పేటెంటు ఏజెంటు పరీక్ష రాసి ఈ వైపు వచ్చాను. ఇంజనీర్లు కనిపెట్టినదాన్ని చట్టం భాషలోకి దించి దరఖాస్తు పెట్టడం మా పని. దరఖాస్తులో క్లెయిములని ఉంటాయి. పొలానికి హద్దురాళ్లు ఎలాంటివో ఆవిష్కరణకు ఈ క్లెయిములు అలాంటివి, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా మాది అని చెబుతాయి. పాతిన తరువాత ఎవరు హద్దు దాటుతున్నారో కాపలా కాయడం మిగిలిన సగం పని. అందువల్ల ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు అనుమానం ఒక జబ్బుగా పట్టుకుంటుంది. కొత్త యంత్రం కనిపిస్తే మెచ్చుకోవడానికి ముందు ఇది ఎవరి దగ్గర తీసుకున్నారో అనిపిస్తుంది. మా ఆవిడ వంకాయ కూర కొత్తగా వండినా, ఎక్కడ నేర్చుకున్నావని ఆరా తీసే స్థితికి వచ్చాను. ఆమె దానికి ఏం జవాబు చెప్పేదో ఇక్కడ రాయను.

మా కంపెనీ ఫ్యాక్టరీల్లో వాడే కంప్యూటర్లు తయారుచేస్తుంది. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే కంప్యూటరును తీసుకుపోయి ఒక మందుల ఫ్యాక్టరీ షెడ్డులో పెడితే ఎక్కువ రోజులు బతకదు. దాని ఫ్యాను గాలితో పాటు పొడినీ రసాయనాల ఆవిరినీ లోపలికి లాక్కుంటుంది. అందుకని మేం చేసే వాటికి ఫ్యాను ఉండదు, సందు ఉండదు, అన్ని వైపులా మూసేసిన ఇనుప డబ్బా. అలా మూసేస్తే లోపలి చిప్పు వేడి బయటికి పోయే దారేది? మా డిజైన్ వాళ్లు చిప్పుకూ పైమూతకూ నడుమ ఒక రాగి పలకను స్ప్రింగుల మీద నిలబెట్టారు. పక్కన ఎంత పెద్ద ప్రెస్సు దడదడలాడినా ఆ పలక అటు చిప్పును, ఇటు మూతను అంటుకునే ఉంటుంది. వేడి రాగిలోంచి మూతలోకి, మూతలోంచి గాలిలోకి పోతుంది. ఇంత తేలిక సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదా అనిపించే రకం ఆవిష్కరణ. దీనితో వచ్చే చిక్కు కూడా అదే. మూత విప్పి ఒక్కసారి చూసిన ఫిట్టరు ఎవరైనా తన షెడ్డుకు పోయి అలాంటిదే చేసుకోగలడు.

నేను యూనిట్‌కు వెళ్లడానికి రెండేళ్ల ముందు, జనవరిలో, దానికి పేటెంటు దరఖాస్తు పెట్టింది నేనే. పెట్టడానికి తొందర కూడా ఉండింది. డిసెంబరులో హైదరాబాదులో జరిగిన ఒక యంత్రాల ప్రదర్శనలో మా పోటీ కంపెనీ అచ్చం ఇలాంటి రాగి పలకతోనే ఒక నమూనా మూత తీసి చూపించిందని మా సేల్స్ వాళ్లు పరుగున వచ్చి చెప్పారు. ఆ కంపెనీ యూనిట్ సుల్తాన్‌పూర్ పోయే దారిలోనే ఉంది, మాకు కూతవేటు దూరం. మేము హడావుడిగా దరఖాస్తు పెట్టాం. కొంతకాలానికి పేటెంటు వచ్చింది. చేతికి రాగానే వాళ్ల మీద దావా వేశాం. వాళ్లు ఊరుకోకుండా ఎదురు దావా వేశారు. మీరు దరఖాస్తు పెట్టకముందే మేము లోకానికి చూపించాం, లోకానికి తెలిసినదాన్ని మీరు కనిపెట్టామంటే ఎట్లా, మీ పేటెంటు చెల్లదు అన్నది వాళ్ల వాదన.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి తెలుసుకుంటేగానీ తరువాతి కథ అర్థం కాదు. పేటెంటుకు ప్రాణం దరఖాస్తు తేదీ. ఆ తేదీకి ముందే బయటపడిన వస్తువుకు పేటెంటు ఉండదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. మన దగ్గరి నుంచి, మన అంగీకారం లేకుండా ఎవరో ఎత్తుకుపోయి బయటపెట్టి ఉంటే, సంగతి తెలిసిన వెంటనే మనం దరఖాస్తు పెట్టి ఉంటే, పేటెంటుకు ఢోకా లేదు. మనంతట మనమే నలుగురికి చూపించుకుని ఉంటే మాత్రం అది చచ్చినట్టే. అంటే ఆ ప్రదర్శన దెబ్బ నుంచి మా పేటెంటు బతకాలంటే మా దగ్గర దొంగతనం జరిగి ఉండాలి. ప్రదర్శన జరిగిన ఏడాది దొంగ ఎవరని ఒక్కరూ వెతకలేదు. ఎదురు దావా వచ్చిన తరువాతే దొంగ అవసరం పడ్డాడు.

పడ్డాడు అన్నానుగానీ, యూనిట్‌లో అప్పటికే ఒక ఆడమనిషిని సిద్ధం చేసి ఉంచారు. ఆమె పేరు స్వరూప, అసెంబ్లీ లైన్ సూపర్‌వైజర్. కర్దనూరు కోడలు. అత్తవారిది పాతకాలం నుంచి భూమి ఉన్న ఇల్లు. భూమిలో కొంత పోయి కొంత మిగిలితే ఆ మిగిలినది భర్త చూసుకుంటున్నాడు. పెళ్లయిన కొత్తలో మా దగ్గర హెల్పర్‌గా చేరి సూపర్‌వైజర్ దాకా వచ్చిన మనిషి. ఆమె చేసిన నేరమల్లా ఒక తమ్ముడు ఉండడం. హత్నూర నుంచి వచ్చి అక్క ఇంట్లోనే ఉంటూ పనికి పోయే నరేష్ అనే ఆ తమ్ముడు పోటీ కంపెనీలో ఫిట్టర్. అక్క ఇక్కడ, తమ్ముడు అక్కడ, ఇద్దరూ తినేది ఒకే వంట. యూనిట్ జనరల్ మేనేజరు గారు ఈ మూడు ముక్కలు చెప్పి, ఇక విచారించడానికి ఏముంది సార్ అన్నట్టు చేతులు చాచారు. నేను వెళ్లేసరికే ఆమెకు షోకాజ్ నోటీసు ఇచ్చి సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు పనిదినాల్లో గేటు దగ్గరికి వచ్చి సంతకం పెట్టి పోవాలన్నది మా స్టాండింగ్ ఆర్డర్స్‌లోని నియమం. నరేష్ ఆమెను బండి మీద తెచ్చి దించేవాడు. గేటు దగ్గరి బీహారీ గార్డు నాతో, “రోజ్ ఆతా హై సాబ్. ఉధర్ ఖడా హోకే అందర్ దేఖ్తా హై,” అన్నాడు. నేనూ వెళ్లి చూశాను. నిజమే, ఆ మనిషి టీ బండి పక్కన నిలబడి మా షెడ్ల వైపే చూస్తున్నాడు. అక్క కోసం ఎదురుచూసే తమ్ముడు కూడా అలాగే చూస్తాడన్న ఆలోచన నాకు ఆ రోజు రాలేదు.

మొదటి విచారణ పద్ధతి ప్రకారమే జరిపాను. స్వరూప తనకు తోడుగా లైన్‌లోని ఒకామెను తెచ్చుకుంది. ప్రశ్న, జవాబు, వాటి కింద ఇద్దరి సంతకాలు. డిజైన్ గదిలోకి వెళ్లారా? లేదు. నమూనాను గానీ డ్రాయింగులను గానీ బయటివారికి ఇచ్చారా? లేదు. యంత్రం వివరాలు తమ్ముడికి చెప్పారా? లేదు. మీరు చేసే యంత్రం గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదా? ఇంటికిపోతే పొయ్యి, పిల్లలు, అత్త మందులు, మిషన్ గురించి మాట్లాడే తీరిక ఎవరికుంది అన్నట్టుగా ఆమె నా వైపు చూసింది. చివర్లో అదనంగా చెప్పేది ఏమైనా ఉందా అని అడగడం ఆచారం. అడిగాను.

“నేనే చేసిన అని మీరు ముందే రాసుకొని వచ్చినట్టున్నరు సార్. ఇగ నన్ను అడుగుడెందుకు?” అంది.

నా ఉత్తర్వు ఆమె చూసే అవకాశం లేదు. అయినా చూసినట్టే మాట్లాడింది. నాకు కోపం వచ్చింది, దానికి కారణం ఆమె కాదని తెలుస్తూనే వచ్చింది. అలాగని నేను ఆమెను నమ్మానని అనుకోవద్దు. ఎవరినీ నమ్మకపోవడానికే నాకు జీతం ఇచ్చేవారు. నేను సంతకం పెడితే ఆమె ఉద్యోగం పోవడంతో ఆగదు. అఫిడవిట్ కోర్టుకు పోయాక దాన్ని పట్టుకుని పోలీసు ఫిర్యాదు ఇవ్వాలని కంపెనీ ఆలోచన. కర్దనూరులో అప్పటికే, కంపెనీ గుట్టు అమ్ముకుందట అని పాకిపోయింది. అందువల్ల పెట్టే సంతకం నాకు నేను జవాబు చెప్పుకోగలిగేట్టు ఉండాలి, అంతే.

తరువాతి పని రెండు యంత్రాలను పోల్చి చూడడం. పోటీ కంపెనీ యంత్రం ఒకటి మా కొనుగోలుదారు ద్వారా తెప్పించి, సాక్షుల ఎదుట విప్పించాను. రాగి పలక, స్ప్రింగులు అన్నీ మావే అన్నట్టున్నాయి. పలక ఒక మూలన మాత్రం దేనికీ పనికిరాని రంధ్రం ఒకటి ఉంది. మా డ్రాయింగుల్లో అది లేదు. మేము అమ్మే యంత్రాల్లోనూ లేదు. డిజైన్ గదిలో అడిగితే, మొట్టమొదటి నమూనా చేసేటప్పుడు డ్రిల్లు తప్పు చోట పడిందనీ, రెండోదాని నుంచి సరిచేశామనీ చెప్పారు. కాపీ కొట్టేవాడు తప్పును కూడా భక్తిగా దించుకుంటాడు, మా వృత్తిలో దొంగను పట్టించేది ఎప్పుడూ ఇలాంటి తప్పులే. నాకు ఉత్సాహం వచ్చింది. కాసేపు పోయాక ఆ ఉత్సాహమే అనుమానంగా మారింది. వాళ్లు మా డ్రాయింగులు చూడలేదు, మొదటి నమూనానే కళ్లతో చూశారు. ఆ నమూనా డిజైన్ గది దాటి ఎప్పుడూ బయటికి రాలేదని జనరల్ మేనేజరు గారు నాకు రాసిచ్చారు. అప్పట్లో డిజైన్ హెడ్ ఆయనే, ఆ గది తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. లైన్ సూపర్‌వైజర్‌కు అందులో అడుగుపెట్టే అనుమతే లేదు. మరి స్వరూప ఏం చూసింది, ఏం ఎత్తుకుపోయింది?

మొదటి నమూనాను బయటికి తీయమన్నాను. జనరల్ మేనేజరు గారు, ఇప్పుడు దానితో పనేముంది సార్ అని కొంచెం నసిగి, చివరికి స్టీలు బీరువాలోంచి తెప్పించారు. మూత స్క్రూలు నేనే విప్పాను. లోపల రాగి పలక నల్లబడి ఉంది. దాని అంచు మీద, గుండ్రంగా, పసుపు మధ్యలో కుంకుమ.

ముందు నా కళ్లను నేనే అనుమానించాను. జనరల్ మేనేజరు గారు వంగి చూసి, “అది ఫ్లక్స్ మరక సార్. తుడిపించి పెడదాం. కోర్టు ముందుకు అట్ల పోతే బాగుండదు,” అన్నారు. ఫ్లక్స్ అంటే టంకం వేసేటప్పుడు వాడే జిగురు. ఫ్లక్స్ గోధుమరంగులో చారగా కారుతుంది. వేలితో దిద్దినట్టు గుండ్రంగా కూర్చోదు, పసుపు వాసనా రాదు. ఇంతటి ఇంజనీరుకు ఆ సంగతి తెలియదంటే నేను నమ్మలేదు. పైగా తుడుద్దామన్న మాట. ఏళ్ల తరబడి ఈ ఉద్యోగం చేశాక నాకు అర్థమైనది ఒకటుంది, సాక్ష్యాన్ని శుభ్రం చేద్దామనేవాడికి శుభ్రత మీద అంత ప్రేమ ఉండదు. ఆ యంత్రాన్ని అక్కడే ఫొటోలు తీయించి, సాక్షుల సంతకాలతో సీలు వేయించి, బీరువా తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు.

నా అనుమానం ఆయన దగ్గరే ఆగలేదు. ఈ బొట్టు ఈ మధ్య ఎవరైనా కావాలని పెట్టారా? మూత నలుగురిలో తీశారని చూపించి మా పేటెంటు మీద దెబ్బ కొట్టాలని పోటీ కంపెనీ మనిషే లోపల ఎవరిచేతైనా పెట్టించాడా? అందుకని సీలు వేయడానికి ముందే భూతద్దం పెట్టి చూశాను. బొట్టు ఒక పక్క కాస్త రాలిపోయింది. రాలిన చోట రాగి ఇంకా కొత్తదానిలా ఎర్రగా మెరుస్తోంది, చుట్టూ ఉన్నదంతా నల్లబడింది. అంటే పలక కొత్తగా ఉన్ననాడు పెట్టిన బొట్టు అది. నమూనా తయారైంది సెప్టెంబరులో. మేం దరఖాస్తు పెట్టింది జనవరిలో. ఆ రెండింటి నడుమ యంత్రాలకు బొట్టు పెట్టే రోజు ఒక్కటే వస్తుంది. ప్రధాన కార్యాలయంలో దసరాకు మేము కంప్యూటరు తెర మీద ఒక గంధపు చుక్క పెట్టి, లడ్డు తిని ఇళ్లకు పోతాం. యూనిట్‌లో ఏం చేస్తారో నేను ఏనాడూ అడగలేదు.

స్వరూపను మళ్లీ పిలిపించాను. ఈసారి ఆమె తోడును తెచ్చుకోలేదు, ఎట్లాగూ పోయేదానికి తోడెందుకు అనుకున్నట్టుంది. నేను రాసుకున్న ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, దసరాకు ఆ కొత్త యంత్రానికి పూజ చేశారా అని అడిగాను. ఆమె విచిత్రంగా చూసింది.

“చేసినం సార్. పాత మిషన్లకు చేసి కొత్తదానికి చెయ్యకుంటే ఎట్ల?”

మరి మొదటిసారి ఎందుకు చెప్పలేదన్నాను.

“మీరు దొంగతనం అడిగిన్రు. పూజ అడగలే.”

ఆ తరువాత ఆమె చెప్పినదాన్ని క్రమంగా రాస్తాను. ఆ యూనిట్‌లో ఆయుధ పూజకు ఒక పద్ధతి ఉంది. బొట్టు యంత్రం పైరేకుకు పెట్టరు, పనిచేసే భాగానికే పెడతారు. లేత్ మిషన్‌కైతే ఇనుమును పట్టి తిప్పే చక్కుకు, ప్రెస్సుకైతే రేకును గుద్దే పంచ్‌కు. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది సేద్యం చేసే ఇళ్లవాళ్లు. నాగలికి బొట్టు పెట్టవలసి వస్తే చేత్తో పట్టుకునే మేడికి పెట్టి ఊరుకోరు, నేలను చీల్చే కర్రుకు పెడతారు. అదే అలవాటు షెడ్డులోకి వచ్చింది. కరోనా వల్ల రెండేళ్లు పూజ సరిగ్గా జరగలేదు కాబట్టి ఆ దసరాకు ఘనంగా చేయాలని, ఇంటివాళ్లందరినీ తీసుకురమ్మని యాజమాన్యమే చెప్పింది. మామిడాకులు, బంతిపూల దండలు, షామియానా. మాకు సరుకు పంపే వర్తకులూ వచ్చారు. కొత్త యంత్రానికి మంచి జరగాలని డిజైన్ గదిలోంచి మొదటి నమూనాను తెచ్చి పీట మీద పెట్టారు. మా ఎండీ గారిని అక్కడ అందరూ పెద్దసారు అంటారు. ఆయన బొట్టు పెట్టబోతుంటే లైన్ వాళ్లు ఆపారు. రేకుకు పెడితే ఏం లాభం సార్, రేపు రేకు మారిస్తే బొట్టూ పోతది, లోపట పెట్టాలె అన్నారు. అన్నవాళ్లలో స్వరూప కూడా ఉంది. పెద్దసారు నవ్వి సరే అన్నారు. డిజైన్ హెడ్‌గా ఉన్న ఇప్పటి జనరల్ మేనేజరు గారు తన చేతులతోనే స్క్రూలు విప్పారు.

“పసుపు కుంకుమల పళ్లెం నా చేతులనే ఉండె. బొట్టు పెద్దసారే పెట్టిండు,” అంది స్వరూప.

మూత ఎంతసేపు తీసి ఉందని అడిగాను. హారతి అయి, కొబ్బరికాయలు కొట్టి, పులిహోర తిని, పిల్లలంతా మిషన్ల నడుమ తిరిగి, సాయంత్రం ఇళ్లకు పోయేదాకా తీసే ఉందట. దేవుడికి పెట్టినదాన్ని అప్పుడే మూస్తారా అని నన్నే ఎదురడిగింది. ఇక అడగక తప్పని ప్రశ్న అడిగాను. మీ తమ్ముడు చూశాడా?

“చూసిండు సార్. మా అత్త చూసింది. మా పిల్లలు చూసిన్రు. రేకులు పంపే సేటు చూసిండు. ఆయన వాళ్లకు గూడ రేకులు పంపుతడు. గందరం చూసినం. చూడనీకే పిలిచిన్రు గద సార్.”

పేటెంటు చట్టం మీద లావుపాటి పుస్తకాలు చదివినవాణ్ని. బహిరంగ ప్రదర్శన అంటే ఏమిటో ఆ పుస్తకాలు పేజీలకు పేజీలు చెబుతాయి. చూడడానికే పిలిచారు, వచ్చి చూశాం. ఆమె దాన్ని చట్టం కోసం చెప్పలేదు, తమ్ముడి మీద పడుతున్న మాటను అందరి మధ్యా పంచేయడానికి చెప్పింది. నా పని మాత్రం అక్కడితో అయిపోయింది. ఆ జవాబు రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాను. ఆమె ఇంతేనా అన్నట్టు చూసి లేచింది.

ఆ వారంలోనే ఎండీ గారిని కలిశాను. ఆయన మర్యాదస్తుడు, గొంతు పెంచి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. అంతా విని, అది పూజండీ, ప్రదర్శన ఎట్లా అవుతుంది అన్నారు. వచ్చినవాళ్లలో ఒక్కరితోనైనా గుట్టుగా ఉంచాలని చెప్పామా అని అడిగాను. దసరాకు వచ్చినవాళ్లకు అలా ఎవరైనా చెబుతారా అన్నారు. అదే నేనూ చెబుతున్నానన్నాను. ఆయన టీ చల్లార్చుకుని, ఆ అమ్మాయికి నష్టం లేకుండా తనకు తెలిసినవారి దగ్గర ఉద్యోగం ఇప్పిస్తాననీ, ఫిర్యాదు సంగతి మానేద్దామనీ, అఫిడవిట్‌లో మాత్రం పేరు ఉండనివ్వమనీ అన్నారు. ఎంత నెమ్మదిగా అన్నారంటే, అది తప్పు అని తోచడానికి నాకే ఒక క్షణం పట్టింది. తోచాక ఒళ్లు మండింది.

“రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ బొట్టు ఎవరు పెట్టారని అడిగితే ఏం చెప్పమంటారు సార్?” అన్నాను.

ఆయన బొటనవేలితో ఉంగరపు వేలిని రుద్దుకుంటూ కిటికీ వైపు చూశారు. ఆ పూజ ఆయనకు నిజంగా గుర్తులేదో, గుర్తుండే నన్ను పంపారో నేను ఈనాటికీ చెప్పలేను. జనరల్ మేనేజరు గారి విషయంలో నాకు అంత సందేహం లేదు.

అఫిడవిట్‌పై సంతకం పెట్టలేదు. బదులుగా ఒక నివేదిక రాసి మా న్యాయవాదికి పంపాను. అందులో ముఖ్యమైన వాక్యం ఒక్కటే: మొదటి నమూనాను దరఖాస్తు తేదీకి ముందు, గోప్యత షరతు ఏదీ లేకుండా, యాజమాన్యం అంగీకారంతోనే బయటివారి ఎదుట మూత తీసి ఉంచడమైనది. న్యాయవాది నిదానంగా మాట్లాడే పెద్దావిడ. ఫోన్ చేసి, ఇది నాకు చేరిన తరువాత దొంగతనమని కోర్టులో చెప్పే అఫిడవిట్ నేను దాఖలు చేయలేను, మీ ఎండీ గారికి ఆ మాట నేనే చెబుతాను అంది. అప్పటికి నాకు ఊపిరి ఆడింది.

ఆ ఎండాకాలం గడిచాక రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. మేము దావా వెనక్కి తీసుకున్నాం, వాళ్లు ఎదురు దావా వెనక్కి తీసుకున్నారు. మా పేటెంటు కాగితం మీద ఉంది, దాన్ని వాళ్ల మీద ఎప్పుడూ వాడబోమని ఒప్పుకున్నాం. ఇద్దరూ అదే రాగి పలక యంత్రాన్ని అమ్ముతున్నారు. ఆ నమూనా సంగతి వాళ్లకు ఎవరి ద్వారా చేరిందో మాత్రం తేలలేదు. రేకుల సేటు కావచ్చు. నరేష్ కావచ్చు, ఇంటికి పోయి చూసింది చూసినట్టు చెప్పి ఉండవచ్చు. అతని మీద నా అనుమానం పూర్తిగా పోలేదు. కానీ పిలిచి చూపించినదాన్ని చెప్పడం దొంగతనం ఎట్లా అవుతుంది?

స్వరూప సస్పెన్షన్ ఎత్తేసి తిరిగి లైన్‌లోకి తీసుకున్నారు. ఆ ఏడు దసరాకు నేను కావాలని యూనిట్‌కు వెళ్లాను. గేటు మీద సర్క్యులర్ అంటించి ఉంది: పూజకు సిబ్బంది తప్ప ఇతరులకు ప్రవేశం లేదు, యంత్రాల మూతలు తీయరాదు. షామియానా లేదు, పిల్లలు లేరు. లైన్ వాళ్లు ఒక్కొక్క యంత్రం పైరేకుకు బొట్టు పెట్టుకుంటూ పోతున్నారు. స్వరూప పళ్లెం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, “పైకెల్లే పెట్టుండ్రి సార్. లోపట వద్దట,” అంది. పెట్టాను. తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగాను. అతన్ని వాళ్ల కంపెనీ తీసేసిందట. రాజీ కుదరగానే, అక్క ఉన్న కంపెనీకి మన సంగతులు మోస్తాడేమోనని అక్కడ అనుమానం మొదలైందట. ఇప్పుడు పటాన్‌చెరులో ఒక దుకాణంలో ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు.

“కేసుల ఎవ్వలు ఓడలేదంటున్నరు సార్. మా ఇంట్లనే ఓడిన్రు,” అంది. అని, పళ్లెం తీసుకుని పక్క యంత్రం దగ్గరికి వెళ్లిపోయింది.

ఈ వ్యవహారం నుంచి నేను నేర్చుకున్నవి రెండు. దొంగను వెతకమని ఎవరైనా పంపితే, దొంగ దొరకడం ఎవరికి అవసరమో ముందు తెలుసుకోవాలి. రెండోది ఉద్యోగానికి సంబంధించినది. మిగిలిన కొద్ది నెలల్లో నా దగ్గరికి వచ్చిన ప్రతి కొత్త ఆవిష్కరణకూ ఇంజనీర్లను మొదట ఒక ప్రశ్న అడిగాను: దీనికి పూజ అయిందా, అయితే ఎవరెవరు వచ్చారు? వాళ్లు నవ్వేవారు. నవ్వడం అయ్యేదాకా ఆగి, జవాబు రాయించుకుని సంతకం తీసుకునేవాణ్ని. నా తరువాత వచ్చినతను ఆ ప్రశ్న తీసేశాడని విన్నాను.